మైనస్ అయిదువందల ఇరవయ్యారు లీటర్లు

శుక్రవారం పొద్దున్న కళింగపట్నం ఒడ్డున డీజిలు పంపకంలో ఎర్రన్నది పదో నంబరు. ఇరవై లీటర్ల క్యాను పక్కన పెట్టుకుని, ముట్టించని బీడీ పళ్ళ మధ్య కరుచుకుని, ముందున్న తొమ్మిది మంది వీపులు చూస్తూ నిలబడ్డాడు.

పది బోట్ల వాళ్ళూ కలిసి పెట్టుకున్న ట్యాంకీ అది. రెండు నెలల కిందటి దాకా నిలువు డ్రమ్ములుండేవి. అవి ఉప్పుగాలికి తుప్పు పట్టిపోతే, కొత్తవలసలో పాత ఇనుము దుకాణంలో వెయ్యి లీటర్ల ట్యాంకీ ఒకటి చూసి లారీలో వేయించుకొచ్చారు. గుండ్రంగా, పొడుగ్గా, రెండు సిమెంటు దిమ్మల మీద పడుకున్న గేదెలా ఉంటుంది. దాని తాళం నూకయ్య దగ్గర. ఆరేళ్ళ కిందట బోటు ఒడ్డుకు లాగుతుంటే కాలు నలిగి, నూకయ్య వేట మానేశాడు. ఎర్రన్న భార్య కూర్మమ్మకు సొంత అన్న ఆయన.

ట్యాంకీలో ఎంతుందో కొలవడానికి నూకయ్య దగ్గర ఒక వెదురు బద్ద ఉంది. పది పది సెంటీమీటర్లకీ ఒక గాటు. గాటుకి వంద లీటర్లు. నిలువు డ్రమ్ముల రోజుల్లోనూ ఇలాగే బద్ద మీద సమానంగా గాట్లు పెట్టి కొలిచేవాడు. అప్పుడు ఒక్కనాడూ తేడా రాలేదు.

ఆ పొద్దున్న బద్ద ముంచి తీస్తే రెండో గాటు దాకా తడిసింది.

"రెండొందలున్నాది. పది బోట్లకీ ఇరవై సొప్పున సరి," అన్నాడు నూకయ్య.

ఏడు క్యాన్లు నిండాయి. ఎనిమిదో క్యాను ధనరాజుది. అందులో రెండు లీటర్లు పడ్డాక కుళాయి గురక పెట్టి ఆగిపోయింది.

ధనరాజు క్యాను ఎత్తి చెవి దగ్గర ఆడించి చూశాడు. "రెండు లీటర్లు! దీన్ని ఇంజనులో పోసుకోమంటావా, దీపంలో పోసుకోమంటావా?"

ఎర్రన్న వరస తప్పించి ముందుకొచ్చాడు. ఇలా జరగడం ఇది రెండోసారి. కిందటి నెలలో కూడా రెండో గాటు దగ్గర మొదలుపెట్టి ఏడు బోట్లకే అయిపోయింది. అప్పుడూ ఎర్రన్న ఖాళీ చేతులతోనే ఇంటికెళ్ళాడు.

"బావా, మిగతాది ఏటైనాది?"

"నన్నడిగితే? కర్ర సెప్పింది నాను సెప్పినాను."

"యాభై ఎనిమిది లీటర్లు కర్ర తాగేసిందేటి?"

నూకయ్య మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి విప్పి ఎర్రన్న కాళ్ళ దగ్గర ఇసకలో పడేసి, కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. అతను ఒక్క మాట తిట్టినా బాగుండేదని తర్వాత ఎర్రన్నకు అనిపించింది. అప్పుడు మాత్రం తాళంచెవి ఏరుకుని నడుముకు కట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం నుంచి ఎర్రన్న ఇంట్లో చేపల కూర బందయింది. కూర్మమ్మ చేపల వ్యాపారం చేస్తుంది. రోజూ బుట్ట నిండా చేపలతో శ్రీకాకుళం వెళ్ళి అమ్ముకొచ్చే మనిషి. మొగుడి కంచంలో మాత్రం వంకాయ పెట్టింది. శుక్రవారం వంకాయ. శనివారం వంకాయ.

"సముద్రం పక్కన కాపరం, కంచంలో వంకాయేటే?" అన్నాడు ఎర్రన్న.

"మా అన్నని దొంగన్న నోటికి ఇదే ఎక్కువ."

శనివారం సాయంత్రం వాళ్ళ కూతురు హేమ శ్రీకాకుళం హాస్టలు నుంచి వచ్చింది. డిగ్రీ ఆఖరి సంవత్సరం, లెక్కలు. సోమవారం క్లాసులో సెమినారు ఇవ్వాలి. అందుకని లెక్కల డిపార్టుమెంటుకంతా ఒకే ఒక్కటున్న గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్‌ని జగన్నాధం సారు ఆమె చేతికిచ్చారు. మామూలు క్యాలిక్యులేటర్ కాదు. ఇటుకలో సగం ఉంటుంది, పైన తెర ఉంటుంది, సమీకరణం కొడితే బొమ్మ గీస్తుంది. సారు దాన్ని దూది పరిచిన స్టీలు టిఫిను డబ్బాలో పెట్టి, మూత బిగించి, షరతులు చెప్పారు. నీళ్ళ దగ్గర పెట్టకూడదు. ఇసక పడకూడదు. ఉప్పుగాలి తగలకూడదు. అంతా విని "సరే సార్" అని హేమ తిన్నగా కళింగపట్నం బస్సెక్కింది.

కంచంలో వంకాయ చూడగానే ఇంట్లో ఏదో జరిగిందని ఆమెకు అర్థమైపోయింది. తల్లి కథంతా చెప్పింది. తండ్రి మధ్యమధ్యలో తన వైపు నుంచి చెప్పాడు. అన్నం తినడం అవగానే హేమ ఒడ్డుకెళ్ళి ట్యాంకీ చుట్టూ రెండుసార్లు తిరిగి, టేపుతో కొలిచి వచ్చింది. అడ్డం నూరు సెంటీమీటర్లు, పొడుగు నూట ఇరవై ఏడు.

"నానా, మావ తియ్యనేదు. ఎవుళ్ళూ తియ్యనేదు. నిలువు డ్రమ్ము అడుగు నుంచి పైదాకా ఒకే ఎడల్పు. ఇది పడుకున్నాది. అడుగున ఇరుకు, నడుం కాడ ఎడల్పు. అడుగు గాటుకి వంద రాదు."

ఎర్రన్న చాలాసేపు ఆలోచించాడు. "వెయ్యి లీటర్ల ట్యాంకీ నిలబడ్డా వెయ్యే, పడుకున్నా వెయ్యే. నాను నిలబడితే ఒక బరువు, పడుకుంటే ఒక బరువుంటానేటి?"

లెక్కల్లో ఎనభై తొమ్మిది మార్కులొచ్చిన పిల్లకి ఏడో తరగతి చదివిన తండ్రి వేసిన ప్రశ్న అడ్డం పడింది.

"రేపు అందరి ముందూ లెక్క కట్టి సూపిస్తాను," అంది చివరికి.

"కట్టు. మీ నాన సెవికి ఇనపడేటట్టు కట్టు," అంది కూర్మమ్మ.

ఆదివారం ఎనిమిదింటికల్లా పది బోట్ల వాళ్ళూ ట్యాంకీ దగ్గర చేరారు. శనివారమే కొత్త లోడు వచ్చింది. ట్యాంకరు వాడు ఆరువందల ఇరవై అయిదు లీటర్లు పోశానన్నాడు. బద్ద ముంచితే ఆరో గాటు దగ్గరే తడిసింది, అంటే ఆరువందలే. దాంతో ధనరాజు దొంగల జాబితాలో ట్యాంకరు వాడిని కూడా చేర్చుకున్నాడు. నూకయ్య రాలేదు. కాస్త దూరంలో ఒక బోటు నీడన కూర్చుని, ఇటు వీపు పెట్టి, చిరిగిన వల బాగుచేసుకుంటున్నాడు.

హేమ చేపల క్రేటు ఒకటి తిరగేసి, దాని మీద తువ్వాలు పరిచి, టిఫిను డబ్బా మూత తీసింది. అందరూ ముందుకు వంగారు.

"మొదట నిండు ట్యాంకీ లెక్క కడతాను," అంది. "అడుగు నుంచి పైదాకా కాయితమంత మందం పొరలు కోసి, ఒక్కో పొర ఎంతుందో అన్నీ కూడతాది ఇది. దాన్ని ఇంటెగ్రేషన్ అంతారు."

నిండినప్పుడు బద్ద ఎంతవరకు తడుస్తుందని అడిగితే, నూరా నాలుగు అని ఎవరో చెప్పారు. హేమ సున్నా నుంచి నూరా నాలుగు వరకు అని కొట్టి బటన్ నొక్కింది. తెర మీద చుక్కలు కదిలాయి. తర్వాత ఇంగ్లీషులో ఏదో పడింది.

ధనరాజు అందరికంటే ముందు చదివాడు. ఇంగ్లీషు పూర్తిగా రాదు గానీ, బోట్ల మీద రాసిన పేర్లు చదివి చదివి అక్షరాలన్నీ వచ్చు.

"ఇ... ఆర్... ఆర్..." అని ఆగిపోయాడు. తల తిప్పి ఇరవై అడుగుల దూరంలో ఒడ్డున ఉన్న ఎర్రన్న బోటు చూశాడు. దాని ముక్కు మీద నీలిరంగుతో బోటు యజమాని పేరు పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. మొదటివి ఇ, ఆర్, ఆర్.

"ఒరే!" అన్నాడు ధనరాజు. "మిషను పేరెట్టి సెప్పేసిందిరా!"

"ఏటి సెప్పింది?" అన్నాడు ఎర్రన్న.

"డీజిలు ఏటైనాదని అడిగితే నీ పేరు రాసింది. సూసుకో. ఇ, ఆర్, ఆర్. ఆ తరవాత ఏటో ఉన్నాది, నీ ఇంటిపేరు గావాల."

ఎర్రన్న తెర చూశాడు. బోటు చూశాడు. మళ్ళీ తెర చూశాడు. నిజంగానే తన అక్షరాలే. "నానేటి తీసినాను? నాకే రెండుసార్లు సుక్క దొరకనేదు!" అని అరిచాడు. అరిచినకొద్దీ జనానికి అనుమానం పెరిగింది.

"మరి శుక్కురోరం నుంచి తాళం ఎవుడి నడుం కాడున్నాదో?" అన్నాడు ధనరాజు ఆకాశం వైపు చూస్తూ.

"చిన్నాన్నా, అది ఎర్రర్! తప్పు అని అర్థం!" అంది హేమ.

"తప్పు సేసినోడి పేరు కూడా సెప్పింది గదా మరి."

కూర్మమ్మ ఈ రెండు రోజుల్లో మొదటిసారి నవ్వింది.

హేమ చెమటలు తుడుచుకుని జగన్నాధం సారుకి ఫోను చేసి స్పీకరు పెట్టింది. సారు చీపురుపల్లిలో అక్కగారి కూతురి పెళ్ళిలో ఉన్నారు. ఫోనులోంచి ముందు సన్నాయి వచ్చింది, తర్వాత సారు.

"ఏవమ్మా హేమా, డిగ్రీలో ఉందా, రేడియన్‌లో ఉందా?"

అడిగిందేమిటో వినకుండానే సారు ఆ ప్రశ్న వేశారు. ముప్పయ్యేళ్ళుగా ఏ విద్యార్థి ఏ క్యాలిక్యులేటర్ తెచ్చినా ఆయన మొదటి ప్రశ్న అదే.

"సార్, ఇందులో సైనూ లేదు, కాసూ లేదు సార్. రూట్ ఒక్కటే."

"అయినా రేడియన్‌లో పెట్టు."

పెట్టింది. మళ్ళీ ఇ, ఆర్, ఆర్. ఎర్రన్న కళ్ళు మూసుకున్నాడు.

"లిమిట్లు చెప్పు," అన్నారు సారు. వెనక ఎవరో ఆడమనిషి గొంతు, "ఏవండీ, మొదటి బంతి కూర్చుంది, సాంబారు బకెట్లు రాలేదు," అంటోంది. అది సారు భార్య పద్మకుమారి. "వస్తున్నా పద్మా, ఇక్కడ ఇంటెగ్రల్ ఆగిపోయింది."

"సున్నా నుంచి నూరా నాలుగు సార్."

"ట్యాంకీ అడ్డం ఎంత?"

"నూరు..." అని హేమ నాలుక కరుచుకుంది. పైన నాలుగు సెంటీమీటర్ల మెడ ఉంది. మూత బిగించే చోటు. నూరు దాటితే ట్యాంకీ లేదు. లేని ట్యాంకీ వెడల్పు అడిగితే, రూటు కింద మైనస్ పడి, మిషను చేతులెత్తేసింది.

నూరు అని మార్చి కొట్టింది. తొమ్మిదివందల తొంభై ఏడు లీటర్లు అని వచ్చింది. ఎవరి పేరూ రాలేదు. ఎర్రన్న కళ్ళు తెరిచాడు.

"వెయ్యికి మూడు తక్కువ," అన్నాడు ధనరాజు. "ఆ మూడూ?"

"అసలు ట్యాంకీయే అంత చిన్నాన్నా!"

"అంతా క్లియర్ చేసి, రెండోది మొదట్నుంచి కొట్టమ్మా. పాతదాని మీద దిద్దకు," అని సారు సాంబారు వైపు వెళ్ళారు.

హేమ అంతా చెరిపేసి కొత్తగా కొట్టడం మొదలుపెట్టింది. ఇప్పుడు అసలు ప్రశ్న. బద్ద ఇరవై సెంటీమీటర్లు తడిస్తే ఎన్ని లీటర్లు? పది మంది ఊపిరి మెడ మీద తగులుతుంటే వేళ్ళు తొందరపడ్డాయి. బటన్ నొక్కింది.

మైనస్ అయిదువందల ఇరవయ్యారు.

"ఆ ముందున్న గీత ఏటి?" అన్నాడు ధనరాజు.

హేమ చెప్పక తప్పింది కాదు. "మైనస్."

"అంటే?"

"సున్నా కంటే తక్కువ."

ధనరాజు ట్యాంకీ దగ్గరకెళ్ళి దాని కడుపు మీద చేత్తో తట్టాడు. "అంటే ఇందులో డీజిలు నేకపోవడం కాదు. ఉన్నదానికంటే అయిదొందల ఇరవయ్యారు తక్కువున్నాది. ఒరే ఎర్రన్నా, మనవే సముద్దరానికి తిరిగి పోయాలేటిరా?"

"ఇంత పెద్ద దొంగతనం మా అన్న ఒక్కడివల్ల అవుతాదా?" అంది కూర్మమ్మ. "ట్యాంకీ పట్టినదానికంటే సగం ఎక్కువ ఎత్తుకెళ్ళాలంటే ఎన్ని లారీలు గావాల?"

హేమకి ఏడుపొచ్చింది. ఏడిస్తే తెర మీద ఉప్పునీళ్ళు పడతాయని ఆపుకుని మళ్ళీ ఫోను చేసింది. ఈసారి పద్మకుమారి ఎత్తింది.

"ఎవరూ? హేమా? అమ్మా, పెళ్ళికూతుర్ని బుట్టలో తెచ్చే వేళయింది. ఈయనకి ఒక్క పని అప్పజెప్పాం. బుట్టకి ఒక పక్క పట్టుకోవాలి. ఇప్పుడు కాదమ్మా."

"అమ్మగారూ, ఒక్క నిమిషం. మైనస్ వచ్చింది."

ఆ మాట సారు చెవిన పడినట్టుంది. ఫోను చేతులు మారిన చప్పుడైంది. "మైనసా? రేడియన్‌లోనే ఉందా?"

"ఉంది సార్!" అన్నారు ఒడ్డున ఉన్న పది మందీ ఒకేసారి. ఆ మాట ఏమిటో తెలియకపోయినా, అడిగితే ఏం చెప్పాలో వాళ్ళకి తెలిసిపోయింది.

"అయితే నువ్వు ఏ బటన్ తర్వాత ఏది నొక్కావో, నొక్కినట్టు నొక్కినట్టు పైకి చదువు. తలలో ఉన్నది చదవకు. తెర మీద ఉన్నది చదువు."

హేమ తెర మీద వేలు పెట్టి చదివింది. "రూట్. బ్రాకెట్ దానంతట అదే తెరుచుకుంది. వంద ఎక్స్. బ్రాకెట్ మూత. మైనస్. ఎక్స్ స్క్వేర్..."

అక్కడ ఆగింది.

"ఆగావేం?" అన్నారు సారు.

"మూత తొందరగా పెట్టేశాను సార్."

ఎక్స్ స్క్వేర్ కూడా రూటు లోపల ఉండాలి. ఆమె తొందరలో వంద ఎక్స్ దగ్గరే బ్రాకెట్ మూసేసింది. ఎక్స్ స్క్వేర్ బయట పడిపోయి, ఉన్నదంతా తీసేసి, మైనస్‌లోకి లాక్కెళ్ళింది.

"అదే మరి! మిషను మనం అనుకున్నది చెయ్యదమ్మా, మనం చెప్పింది చేస్తుంది," అన్నారు సారు. ఇంకా ఏదో చెప్పబోతుంటే "బుట్ట!" అని పద్మకుమారి కేక వినపడింది. సారు ఫోను పెట్టెయ్యడం మరిచిపోయి జేబులో పడేసుకున్నారు. అందువల్ల చీపురుపల్లి పెళ్ళి మంత్రాలు కళింగపట్నం ఒడ్డు మీద వినపడుతూనే ఉన్నాయి.

హేమ మూతని జరిపి పెట్టింది. ఒకటికి రెండుసార్లు పైకి చదువుకుంది. నొక్కింది. చుక్కలు కదిలి ఆగాయి.

"నూట నలభై రెండు," అంది.

సరిగ్గా అప్పుడే ఫోనులో గట్టిమేళం మోగింది.

"ఎంత?" అన్నాడు ఎర్రన్న ఆ మోతలో.

"నూట నలభై రెండు నానా! కర్ర రెండొందలన్నప్పుడు ఉన్నది నూట నలభై రెండే!"

ఎర్రన్న వేళ్ళు ముడిచి లెక్కపెట్టాడు. ఏడు క్యాన్లు, క్యానుకి ఇరవై, నూట నలభై. ఎనిమిదో దాంట్లో రెండు. అతను లెక్క ముగించేసరికి బోటు నీడలో నూకయ్య చేతిలో దారం ఆగింది. వీపు మాత్రం ఇటే ఉంది.

మిగతావాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ధనరాజు ఒక్కడే ఒప్పుకోలేదు. "అయిపోయిన పెళ్ళికి బాజాలు ఎవుడైనా వాయిస్తాడు. నా క్యానులో రెండు లీటర్లు పడ్డాయని నీకు ముందే తెలుసు. తెలిసిన జవాబు తెచ్చే దాకా మీటలు నొక్కినావు. ఒకసారి ఎర్రన్నంది, ఒకసారి సముద్దరానికి బాకీ అంది, మూడోసారి ఇది. నాలుగోసారి నొక్కితే ఏటి సెప్తాదో?"

ఆ మాటలో న్యాయం ఉందని హేమకే అనిపించింది. ఆమె క్యాలిక్యులేటర్‌ని ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఆలోచించింది.

"సరే చిన్నాన్నా. ఎవుళ్ళకీ తెలీనిదే సెప్తాను. ఇప్పుడు కర్ర అరవై కాడున్నాది. నలభైకి దిగే దాకా తీద్దాం. నీ లెక్కన ఎంత రావాల?"

"రెండు గాట్లు. రెండొందలు."

ఈసారి ఆమె కింది లిమిటు నలభై, పై లిమిటు అరవై పెట్టింది. బ్రాకెట్లు ధనరాజు చేతే లెక్కపెట్టించింది. తెరిచినవి ఎన్నో మూసినవీ అన్నే ఉన్నాయని అతను ఒప్పుకున్నాక నొక్కింది.

"రెండొందల యాభై రెండు."

"యాభై రెండు ఎక్కువొస్తాదా?"

"వస్తాది."

"ఎక్కడి నుంచొస్తాది?"

బొమ్మ చూపిస్తే తేలికని హేమ గ్రాఫ్ బటన్ నొక్కింది. తెర ఖాళీగా ఉంది. "ట్యాంకీ ఏదీ?" అన్నారు నలుగురు. ఈసారి ఆమె ఎవరికీ ఫోను చెయ్యలేదు. తెర పది దాకానే చూపిస్తోందని తనకే తెలిసింది. నూరు దాకా జరిపింది. ఎడమ నుంచి ఒక గీత పైకి లేచి, గుండ్రంగా వంగి, కుడివైపు దిగింది. కింద నల్లగా నింపమని చెబితే, మొదట సన్నటి మూల, తర్వాత పొడుగు పొడుగు గీతలు, నడుమ అన్నింటికంటే పొడుగువి, నెమ్మదిగా నిండుతూ పోయాయి.

కూర్మమ్మ మెడ చాచి చూసింది. "ఓలమ్మ, ఇదేటి, వంజరం ముక్కలు కోసినట్టే ఉన్నాది గదా! తోక ముక్క, నడుం ముక్క ఒకే లెక్కకి ఎవుడైనా కొంటాడేటి? నలభై నుంచి అరవై అంటే నడుం ముక్కలు. బరువు అక్కడే గదా ఉంటాది."

"తియ్యండి. తీస్తే తెలిసిపోద్ది," అన్నాడు ఎర్రన్న. నడుము నుంచి తాళంచెవి విప్పి కుళాయి తెరిచాడు.

పది బోట్ల క్యాన్లు వరసగా నిండాయి. రెండువందల లీటర్లు. బద్ద ముంచి తీశారు. ధనరాజు తనే చూసుకున్నాడు. తడి నలభై దగ్గర ఉండాలి. నలభై నాలుగు దగ్గర ఉంది.

అతను బద్దని లుంగీతో తుడిచి మళ్ళీ ముంచాడు. నలభై నాలుగే.

పదకొండో క్యాను నిండింది. పన్నెండోది నిండింది. పదమూడో క్యానులో లీటరు డబ్బాతో కొలిచి పట్టడం మొదలుపెట్టారు. అందరూ కలిసి గొంతెత్తి లెక్కపెడుతున్నారు. తొమ్మిది. పది. పదకొండు. పన్నెండు.

"ఆపండి," అని ధనరాజు బద్ద ముంచాడు. తీసి ఎండలో పట్టి చూశాడు. తడి నాలుగో గాటు మీద ఉంది. గాటుకి పైన లేదు, కింద లేదు.

పన్నెండు క్యాన్లు, పన్నెండు లీటర్లు. రెండువందల యాభై రెండు.

"దొంగ ఎక్కడైనా ఎదురు పోస్తాడేటి?" అన్నాడు ధనరాజు నెమ్మదిగా. తర్వాత మరో సంగతి గుర్తొచ్చినట్టు మొహం మారింది. "అయితే ఈ రెండు నెలలూ నడుం గాట్ల కాడ మనకి ఎక్కువే పడతన్నాదన్నమాట!"

ఆ మాటకి అందరూ ఎటో అటు చూశారు. నిజమే. చాలా రోజులు బద్ద చెప్పినదానికంటే ఎక్కువ వచ్చింది. పదో బోటు తర్వాత కూడా తడి రెండు గాట్లు దిగేది కాదు, ఇంకో రెండు మూడు క్యాన్లు పట్టుకునేవాళ్ళు. గంగమ్మ దయ అనుకున్నారు. ఎక్కువ వచ్చిన రోజున ఎవడూ నూకయ్యని పిలిచి ఇదేమిటని అడగలేదు. ఎర్రన్న కూడా అడగలేదు. రెండుసార్లు పట్టుకెళ్ళాడు కూడా.

ఫోనులో పెళ్ళిమేళం ఇంకా మోగుతోంది. అంతలో సారు గొంతు దగ్గరగా వినపడింది. "హలో! హలో! అయ్యో, ఇది ఆన్‌లోనే ఉందా? హేమా, ఆన్సరు వచ్చిందా?"

"వచ్చింది సార్. కొలిచి కూడా చూశాం. సరిపోయింది."

"కొలిచారా? దేంతో?"

"క్యాన్లతో సార్."

ముప్పయ్యేళ్ళలో సారు వేయించిన ఏ ఇంటెగ్రల్‌నీ ఎవరూ క్యాన్లతో కొలిచి చూడలేదు. "ఎంత తేడా వచ్చింది?" అన్నారు, కొంచెం భయంగా.

"లీటరు కూడా రాలేదు సార్."

"పద్మా!" అని సారు పెళ్ళిపందిట్లోకి కేకేసుకుంటూ వెళ్ళిపోయారు. ఈసారి ఫోను పెట్టేశారు.

ఇక మిగిలింది తాళంచెవి. అది ఎర్రన్న అరచేతిలో ఉంది. దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, కూర్మమ్మ వైపు చూశాడు. ఆమె ముక్కు మీద వేలేసుకుని సముద్రం చూస్తోంది. కూతురి వైపు చూశాడు. ఆమె క్యాలిక్యులేటర్ మీద పడిన ఇసక ఒక్కో రేణువూ ఊదుకుంటోంది. సాయం చేసేవాళ్ళు ఎవరూ లేరు.

బోటు నీడ దాకా నడిచాడు. నూకయ్య తలెత్తలేదు. ఎర్రన్న పక్కన గొంతుక్కూర్చున్నాడు. వల చివర పట్టుకుని, చిరిగిన చోటు అవసరం లేకపోయినా సాగదీసి పట్టాడు. కాసేపు ఇద్దరూ ఆ కన్నమే చూశారు.

"కన్నం పెద్దదే," అన్నాడు ఎర్రన్న.

"ఊఁ."

"బావా... తప్పయిపోయింది," అన్నాడు వలతో చెప్పినట్టు.

"ఏటీ?"

"తప్పయిపోయిందంతన్నాను."

నూకయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "గాలికి ఇనపడ్డం నేదు బావా. శుక్కురోరం బాగా ఇనపడ్డాది. అప్పుడు గాలి నేదు."

ఎర్రన్న లేచి నిలబడ్డాడు. దూరంలో పది బోట్ల వాళ్ళూ, ఐసు దింపడానికి వచ్చిన లారీ వాళ్ళూ, చేపలు ఎండబెట్టుకుంటున్న ఆడవాళ్ళూ అందరూ ఇటే చూస్తున్నారు. వేటలో ఇంజను మోత మించి అరిచే గొంతు అతనిది. ఆ గొంతంతా తీశాడు.

"తప్పు నాదే బావా! నువ్వు సుక్క కూడా తియ్యనేదు! నాకే బుద్ధి నేదు!"

ఎండు చేపల మీద వాలిన కాకులు లేచిపోయాయి.

నూకయ్య దారం తెంపి, ముడి వేసి, అది గట్టిగా ఉందో లేదో లాగి చూసుకున్నాడు. అప్పుడు చెయ్యి చాపాడు. ఎర్రన్న తాళంచెవి అందులో పెట్టబోతే, నూకయ్య తాళంచెవి వదిలేసి అతని చెయ్యి పట్టుకుని, దాని ఊతంతో లేచి నిలబడ్డాడు. నిలబడ్డాక తాళంచెవి తీసుకుని మొలతాడుకు ముడేసుకున్నాడు.

"కర్ర కొత్తది సెయ్యాల," అన్నాడు. "హేమా! గాట్లు ఎక్కడెక్కడ కొట్టాలో సెప్పు. నాను కొడతాను."

హేమ పది పది లీటర్లకీ ఒక గాటు చొప్పున లెక్క కట్టి చెబుతుంటే, నూకయ్య కొత్త వెదురు బద్ద మీద కత్తితో గాట్లు పెట్టాడు. అడుగున గాట్లు ఎడంగా పడ్డాయి. నడుమకి వచ్చేసరికి ఒకదాన్ని ఒకటి రాసుకుంటూ దగ్గరయ్యాయి. పైన మళ్ళీ ఎడమయ్యాయి. మధ్యాహ్నం దాకా పట్టింది. అయ్యాక ధనరాజు బద్ద చేతిలోకి తీసుకుని, ఒక కన్ను మూసి పొడుగునా చూశాడు.

"ఎవుడో తాగేసి కొట్టినట్టున్నాది," అన్నాడు. తర్వాత దాన్ని జాగ్రత్తగా ట్యాంకీ మీద ఆనించి పెట్టి, "ఎవుడూ దీన్ని ముట్టుకోకండిరా," అని మిగతావాళ్ళని కసిరాడు.

కూర్మమ్మ అప్పటికే ఇంటికి వెళ్ళిపోయింది. ఎర్రన్న, నూకయ్య, హేమ వీధి మలుపు తిరిగేసరికి చేపల పులుసు వాసన ఎదురొచ్చింది. ఎర్రన్న నడక వేగం పెంచబోయి, పక్కన కుంటుతున్న బావని చూసి, మళ్ళీ తగ్గించాడు.